కిటికీ వ్యాసం

మా బడిలో ఏడో తరగతికీ ఎనిమిదో తరగతికీ మధ్య గోడ లేదు. గోడ కట్టాల్సిన చోట ఎవరో పుణ్యాత్ముడు చెక్క అడ్డు నిలబెట్టి చేతులు దులుపుకున్నాడు. అటుపక్క తెలుగు టీచర్ పిల్లలకు రాయడం నేర్పుతుంది. ఇటుపక్క నేను లెక్కలు చెబుతాను. అటు ఎవరైనా తుమ్మితే ఇటు వినబడుతుంది. ఇన్నేళ్ళలో ఆవిడ చెప్పిన ప్రతి పాఠమూ నేను విన్నాను, నేను వేసిన ప్రతి కేకా ఆవిడ విన్నది.

నిజం చెప్పొద్దూ, నాకు ఆవిడంటే కాస్త కుళ్ళు. నా పీరియడ్లో పిల్లలు గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. ఆవిడ పీరియడ్లో గంట మోగినా లేవరు. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడి దగ్గితే, "ఒక్క నిమిషం మాస్టారూ" అంటుంది. ఆ ఒక్క నిమిషం ఎంత పొడుగుంటుందో లెక్కలవాణ్ణి, నాకు తెలుసు.

ఊళ్ళో ఆవిడని అందరూ కిటికీ టీచర్ అంటారు. ఎదుట కూడా అలాగే అంటారు. కూరగాయల కొట్లో "కిటికీ టీచర్ వచ్చారు, పుచ్చులు లేకుండా ఏరి వెయ్యి" అని ఆవిడ ముందే కేకేస్తారు. ఆవిడ ముసిముసిగా నవ్వుకునేది. ఆ పేరు ఎలా వచ్చిందో చెబితే గాని మిగతా సంగతి అర్థం కాదు.

ఆవిడ తండ్రి కోర్టు మెట్ల దగ్గర చిన్న బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాసి పెట్టేవాడట. ఎవరైనా వచ్చి గోడు వెళ్ళబోసుకుంటుంటే కలం గాలిలో ఆపి, "ఏడుపు తర్వాత, ముందు విషయం చెప్పు" అనేవాడట. సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని కాగితాలు ఎగిరిపోకుండా పట్టుకోవడం ఈవిడ పని. గంటసేపు ఏడ్చి చెప్పిన గోడు ఆయన చేతిలో అరపేజీ అయ్యేది. ఆ అరపేజీకే అధికారులు కదిలేవాళ్ళు. "రాయడమంటే అది మాస్టారూ, ఏడుపు పోవాలి, విషయం మిగలాలి" అని నాకు ఎన్నిసార్లో చెప్పింది. చెబుతున్నప్పుడు తండ్రి మీద గర్వంతో మెడ కాస్త నిటారుగా అయ్యేది.

అందుకే నల్లబల్ల మూల రంగు సుద్దతో అయిదు మాటలు రాసి ఉంచేది: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చూశారు, ఎందుకు. వాటిని చెరిపే హక్కు ఎవరికీ లేదు, నాకు కూడా. నా లెక్కకి చోటు చాలకపోతే లెక్కనే వంకర తిప్పి రాసుకునేవాణ్ణి. ఇంట్లోనూ అంతే. కరెంటు ఆఫీసులో పనిచేసే వాళ్ళాయన, "పొద్దున్నే వెళ్తున్నానని చీటీ రాసి పెట్టాలన్నా భయమండీ, సాయంత్రానికి ఎర్ర సిరాతో దిద్ది ఉంటుంది" అనేవాడు.

ఇక ఆవిడ పద్ధతి. మంచి వ్యాసం చదివి వినిపించి ఇలా రాయండి అనడం అందరూ చేసే పని. "మంచిది చూపిస్తే కాపీ కొడతారు. చెడ్డది చూపిస్తే బుర్ర పెడతారు" అని ఆవిడ సిద్ధాంతం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎవరో పిల్ల రాసిన ఒక వ్యాసం ఆవిడ చేతికి దొరికింది. అన్ని లోపాలూ ఒకేచోట పోగుపడ్డ వ్యాసం. పేరున్న అంచు కత్తిరించేసి, మిగతా కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. ఏటా కొత్త తరగతి రాగానే దాన్ని బయటికి తీసి చదివేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ తర్వాత దాన్ని బాగుచెయ్యమనేది. బాగుచేస్తూ చేస్తూ రాయడం నేర్చుకునేవాళ్ళు. ఇది గొప్పకి చెబుతున్నది కాదు, ఆవిడ చేతి కింద చదివిన పిల్లలు నిజంగానే బాగా రాస్తారు.

ఇన్నిసార్లు చెవిన పడ్డాక ఆ వ్యాసం నాకూ నోటికి వచ్చేసింది. ఇదీ అది:

"నేను చేసిన ప్రయాణం. మేము బస్సు ఎక్కాము. నాన్న, అమ్మ, నేను ఎక్కాము. నాకు కిటికీ కావాలి. అమ్మ ఇవ్వలేదు. నేను ఏడ్చాను. అమ్మ ఇవ్వలేదు. అమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. నాకు ఏమీ కనబడలేదు. అమ్మ జడ కనబడింది. బస్సు ఆగింది. దిగాము. పెద్ద మేడ ఉంది. చాలా మెట్లు ఉన్నాయి. సాయంత్రం మళ్ళీ బస్సు ఎక్కాము. కిటికీ ఖాళీగా ఉంది. నాన్న కూర్చో అన్నాడు. నేను కూర్చోలేదు. ప్రయాణం బాగా జరిగింది."

ఆవిడ చదివే తీరులోనే సగం ఉంది. "అమ్మ ఇవ్వలేదు" అన్నప్పుడల్లా మూతి ముడిచేది. "అమ్మ జడ కనబడింది" దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి చూసి, "అంత దూరం బస్సులో పోయి ఈ పిల్ల చూసిన వింత ఏమిటర్రా? జడ!" అనేది. ఇటుపక్క నా పిల్లలు కూడా పుస్తకాల్లో ముఖాలు దాచుకుని కిసుక్కుమనేవాళ్ళు. చివరికి, "ఏడ్చి గోల చేసింది కదా, ఖాళీగా ఉంటే కూర్చోదేం? ప్రయాణం బాగా జరిగిందట! ఎవరికి జరిగింది, బస్సుకా?" అని ముగించేది. పెద్దవాళ్ళై ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు కూడా వీధిలో కనబడితే "టీచర్, జడ కనబడింది!" అని నవ్వేవాళ్ళు.

ఈ ఏడు ఏడో తరగతిలో ఒక పిల్ల ఉంది. సన్నగా, గొంతు మాత్రం ఖంగుమనేలా ఉంటుంది. అందరూ పిట్ట అంటారు. లెక్కల్లో నాకు చుక్కలు చూపించింది గాని, రాతలో దాన్ని పట్టేవాళ్ళు లేరు. కిటికీ వ్యాసాన్ని టీచర్ కంటే బాగా చదివేది. మూతి ముడవడం, జడ దగ్గర ఆగడం, కళ్ళజోడు లేకపోయినా ఉన్నట్టు పైనుంచి చూడడం, అన్నీ దింపేసింది. టీచర్ మురిసిపోయి, "ఇక నేను రిటైరైనా ఫరవాలేదు" అంది.

అంతలో మా పెద్దసారుకి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వచ్చిందంటే మాకు పని పడిందన్నమాటే. తల్లిదండ్రుల్ని పిలిచి, వెనక బెంచీల్లో కూర్చోబెట్టి, పాఠం ఎలా జరుగుతుందో చూపించాలన్నాడు. ఏ పాఠం అన్నది ఎవరూ అడగలేదు. కిటికీ వ్యాసమే. దానికి తోడు, టీచర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో ఒక చోటు ఖాళీ అయ్యిందని, ఈ పాఠం బాగా నడిస్తే అందులోకి ఆవిడ పేరు తానే పంపుతానని మాటిచ్చాడు. ఆ చోటు కోసం ఆవిడ చాలాకాలంగా ఎదురుచూస్తోంది. ఆ వారమంతా ఆవిడ కాళ్ళు నేలమీద ఆనలేదు.

బెంచీలు సర్దే పని నాకు తగలగొట్టారు కాబట్టి ఆ రోజు నేను ఆ గదిలోనే, గుమ్మం పక్కన ఉన్నాను. పెద్దవాళ్ళంతా చిన్న బెంచీల్లో మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడుతున్నారు. పిట్ట వాళ్ళమ్మ చివర్లో వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది. పని మధ్యలో సెలవడిగి వచ్చినట్టుంది, షాపువాళ్ళ నీలం కోటు ఒంటిమీద అలాగే ఉంది. పిట్ట ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆఖరి బెంచీ చివర కూర్చోబెట్టింది.

పిట్ట చదివింది. గది గదంతా ఘొల్లుమంది. పెద్దసారు పొట్ట పట్టుకున్నాడు. పిట్ట వాళ్ళమ్మ కూడా నవ్వింది. నా చూపు అటే ఉంది కాబట్టి చెబుతున్నాను, మిగతావాళ్ళు నవ్వు మొదలుపెట్టడానికి ఒక క్షణం ముందే ఆవిడ నవ్వింది. నాకప్పుడు అది వింతగా అనిపించలేదు. కూతురి సరదా చూసి నవ్వుతోంది అనుకున్నాను.

టీచర్ ఉత్సాహంగా వెనక బెంచీల వైపు తిరిగింది. "ఇప్పుడు మీ వంతు. ఇందులో లోపాలేమిటో చెప్పండి చూద్దాం."

"ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చిందండీ" అన్నాడు ఒకాయన.

"ఏ ఊరు వెళ్ళారో రాయలేదు" అంది మరొకావిడ.

"మరీ మొండిఘటం లాగుందండీ. కావాలని ఏడుస్తుంది, తీరా ఇస్తే కూర్చోదు. మావాడూ అంతే!" అని ఒక లావుపాటాయన కొడుకుని చూపించాడు. మళ్ళీ నవ్వులు.

టీచర్ చివరి బెంచీ దాకా నడిచింది. "మీరు పిట్ట వాళ్ళమ్మగారు కదూ? మీరు చెప్పండమ్మా."

ఆవిడ లేచి నిలబడింది. కోటు జేబులో చేతులు పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది. "నాకు తప్పేమీ కనబడలేదండీ" అంది.

"అయ్యో అమ్మా!" అని పిట్ట నెత్తి కొట్టుకుంది. "టీచర్, మా అమ్మకి ఇవన్నీ తెలీవు. మందుల పేర్లు అడగండి, గడగడా చెప్పేస్తుంది."

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వారు. టీచర్ కూడా, "ఫరవాలేదమ్మా, కూర్చోండి. మీ అమ్మాయి దగ్గర నేర్చుకోవచ్చు" అంది. ఆవిడ తలూపి కూర్చుంది.

ఆ తర్వాత పిట్ట తాను బాగుచేసిన వ్యాసం చదివింది. మంచు, పొలాలు, రోడ్డుకి అడ్డం వచ్చిన మేకల మంద, అన్నీ పెట్టింది. చివర ఇలా ఉంది: "తిరిగి వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు మాకే దొరికింది. ఇప్పుడు నీ వంతు అని అమ్మ నన్ను అక్కడ కూర్చోబెట్టింది. నేను బయటికి చూస్తూ ఉన్నాను. అమ్మ నా జడ చూస్తూ ఉంది. ఇల్లు చేరేసరికి అమ్మా నేనూ ఒకరిమీద ఒకరు వాలి నిద్రపోయాము."

చప్పట్లు మారుమోగాయి. పిట్ట వాళ్ళమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పక్కనున్నావిడ ఆమె భుజం తట్టి, "సంతోషం ఉండదా మరి, కన్నతల్లికి" అంది. అందరం అదే అనుకున్నాం.

జనం వెళ్ళిపోయారు. నేను నా గదిలోకి వచ్చి సంచీ సర్దుకుంటున్నాను. అడ్డుకి అవతల మాటలు మొదలయ్యాయి. లేచి వెళ్ళిపోవాల్సిందే. కుర్చీ కిర్రుమంటే నేనున్నానని తెలుస్తుందని అలాగే ఉండిపోయాను.

"టీచర్, ఒక్క నిమిషం."

"రండమ్మా, రండి! మీ అమ్మాయి మామూలుది కాదు. నా సర్వీసులో ఇలాంటి పిల్లని చూళ్ళేదు."

"ఆ కాగితం ఒకసారి చూడొచ్చాండీ?"

"దానికేం, చూడండి. కాస్త జాగ్రత్త, పాతదైపోయింది."

కవరు చప్పుడు.

"అంచు కత్తిరించేశారు."

"పేరుండేదమ్మా అక్కడ. నేను ఎవరి పేరూ బయటపెట్టను. పాపం, రాసిన పిల్లకి నామోషీ కదా." ఆవిడ గొంతులో మంచిపని చేసినవాళ్ళ తృప్తి ఉంది.

"అవునండీ. నా పేరు పొడుగు. ఒక వరసలో పట్టేది కాదు."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అవతల కూడా పట్టినట్టుంది. తర్వాత బెంచీ మీద ఎవరో కూలబడిన చప్పుడైంది. అది టీచరే.

"మీరు... నువ్వు... నువ్వా అమ్మా?"

"మీకు గుర్తుండదులెండి. ఏడాది మధ్యలో వచ్చాను. మా పిన్ని ఇంట్లో ఉండి చదువుకున్నాను. పరీక్షలవగానే మళ్ళీ వెళ్ళిపోయాను. మాట్లాడేదాన్ని కూడా కాదు."

"మరి మీ అమ్మగారు..."

"పెద్ద మేడ అని రాశాను కదండీ. ఆసుపత్రి. అమ్మని అక్కడ చేర్చి నేనూ నాన్నా వచ్చేశాం. తర్వాత అమ్మ ఇంటికి రాలేదు."

టీచర్ గొంతు, నేనెప్పుడూ విననంత సన్నగా: "నాకు చెప్పాల్సింది కదమ్మా."

"రాశాను కదా టీచర్."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. అడిగిన దానికి జవాబు చెప్పినట్టు చెప్పింది, అంతే. ఇటుపక్క నా ముఖం వేడెక్కింది. అవతల టీచర్ ముఖం ఎలా ఉందో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు.

"మొదటిసారి మీరు చదివింది మా క్లాసులోనే" అని ఆవిడే చెబుతోంది. "అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వకపోతే నాదని తెలిసిపోతుంది కదా. ఈమధ్యే మళ్ళీ ఈ ఊరొచ్చాం, ఇంకా దాన్ని చదువుతున్నారని నాకు తెలీదండీ. మొన్న మా పిల్ల ఇంటికొచ్చి మంచమెక్కి నటించి చూపించింది. అప్పుడు తెలిసింది."

"నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా."

"అయ్యో, అదేం మాట టీచర్! దెబ్బలాడ్డానికి రాలేదు నేను. మీరు బాగా నేర్పుతారు. దాని రాత చూస్తున్నాను కదా."

"రేపే క్లాసులో అందరి ముందూ చెప్పేస్తాను. తప్పు నాదని చెబుతాను. లేకపోతే నేను ఇక ఈ బల్ల ముందు నిలబడలేను."

"వద్దండీ." ఈసారి ఆవిడ గొంతు గట్టిపడింది. "అదే చెబుదామని ఆగాను. మీరు చెప్పేస్తే మీ మనసు తేలికపడుతుంది. మరి మా పిల్ల సంగతో? తను ఇంతకాలం అందరినీ నవ్వించింది వాళ్ళ అమ్మమ్మ చావు మీదని, ఇవాళ అందరి ముందూ నవ్వులపాలు చేసింది నన్నేనని తెలిస్తే అది మళ్ళీ కలం పట్టుకుంటుందా? దాని సంగతి నాకు తెలుసు. పట్టుకోదు."

కవరు మళ్ళీ బల్లమీద పెట్టిన చప్పుడైంది.

"అది ఇవాళ మా అమ్మని బస్సెక్కించి ఇంటికి తీసుకొచ్చేసింది టీచర్. నాకు చేతకాలేదు, అది చేసింది. దాన్నలా ఉండనివ్వండి. మీరు నాకు మాటివ్వండి, దానికి తెలియనివ్వనని."

మాట ఇచ్చింది. కాగితం తీసుకెళ్ళమంది టీచర్. ఆవిడ తీసుకోలేదు. ఇంట్లో పెడితే పిట్ట కనిపెట్టేస్తుందట, చేతిరాత చూసి పట్టేసేంత గడుసుదట. షాపుకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది. టీచర్ అక్కడే కూర్చుని ఉంది. చీకటి పడుతోందని తాళాలవాడు వచ్చి పిలిచేదాకా నేనూ కదల్లేదు.

మర్నాడు ఆవిడ నన్ను చూసిన చూపులోనే తెలిసిపోయింది. "చెక్క అడ్డే కదా మాస్టారూ, మీరు విన్నారు" అంది. కాదనలేదు నేను. "ఆ పిల్ల ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. ఎంత ప్రయత్నించినా రావడం లేదు. నా ముందు కూర్చుని గట్టిగా నవ్విన పిల్ల. ఆ ముఖమే గుర్తులేదు నాకు. వాళ్ళమ్మ జడ తప్ప ఏమీ రావడం లేదు." "మా నాన్న ఏడుపు తీసేసి కూడా పని జరిపించేవాడు, నేను ఏడుపూ తీసేశాను, పనీ చెయ్యలేదు" అని గొణుక్కుంది. ఓదార్చడానికి నా దగ్గర మాటలేం ఉంటాయి? లెక్కలవాణ్ణి. నీళ్ళ సీసా అందించాను.

తప్పు చేసినవాళ్ళు దాన్ని బయటికి చెప్పేసి ఏడ్చి కడుక్కోవచ్చు. ఈవిడకి ఆ దారి కూడా మూసేశారు. సిగ్గుని చీర కొంగులో ముడేసుకుని తిరగాల్సిందే. కూరగాయల కొట్లో "కిటికీ టీచర్ వచ్చారు" అని కేకేస్తే చెంప చెళ్ళుమన్నట్టు ఉలిక్కిపడి, ఏమీ కొనకుండా వెనక్కి తిరిగి వచ్చేసిందని వాళ్ళాయన చెప్పాడు. పాత శిష్యుడొకడు స్కూటర్ ఆపి "టీచర్, జడ ఇంకా కనబడుతోందా?" అంటే ఆవిడ తలొంచుకుని నడిచి వెళ్ళిపోయిందట. వాడు బెంగపడి నా దగ్గరికొచ్చాడు, టీచర్‌కి ఒంట్లో బాగాలేదా అని.

వాళ్ళాయన కూడా ఒకరోజు బడి గేటు దగ్గర నన్ను పట్టుకున్నాడు. "ఏం జరిగింది మాస్టారూ? కావాలనే తప్పులు పెట్టి చీటీ రాసి వెళ్ళాను. సాయంత్రానికి అలాగే ఉంది. దిద్దలేదు. నాకు భయమేస్తోందండీ" అన్నాడు. పని ఒత్తిడి అని ఏదో చెప్పి తప్పించుకున్నాను.

పాఠాలు మాత్రం చెబుతూనే ఉంది. కానీ ఇటుపక్కకి నవ్వులు వినబడడం మానేశాయి. ఒక్కొక్క పిల్లని బల్ల దగ్గరికి పిలిచి మెల్లగా మాట్లాడుతోంది. "ఇక్కడ అన్నయ్య అలిగాడని రాశావు. ఎందుకు అలిగాడు నాన్నా? చెప్పాలనుంటేనే చెప్పు." ఇలాంటివి. అందరి దగ్గరికీ వెళ్ళడానికి పీరియడ్ చాలడం లేదు. నేను గుమ్మంలో దగ్గడం మానేశాను. నా పీరియడ్లో కొంత ఆవిడకి వదిలేస్తున్నాను, లెక్కలు కాస్త వెనకబడ్డా సరే.

అసలు చిక్కు పెద్దసారుతో వచ్చింది. శిక్షణ కేంద్రం వాళ్ళు ఆవిడని రమ్మన్నారు. ముందుగా, అక్కడికి శిక్షణకు వచ్చే టీచర్లందరి ఎదుట ఆ పాఠం ఒకసారి చేసి చూపించాలి, పిట్టే చదవాలి. పెద్దసారు స్వీట్ల పెట్టెతో గదిలోకి వచ్చాడు. ఆవిడ "నేను చెయ్యనండీ" అంది.

"చెయ్యకపోవడమేమిటమ్మా? నీకోసం నేను ఎంతమందిని పట్టుకున్నాను!"

"ఇంకో పాఠం చేస్తాను. అది మాత్రం చెయ్యను."

"వాళ్ళకి అదే కావాలి. కారణమేమిటో చెప్పు."

"కారణం లేదండీ."

"కారణం లేకుండా బెట్టేమిటి? ఎందుకు, ఎందుకు అని బల్లమీద రాసి పెట్టుకున్నావు గదా, నేనడిగితే చెప్పవేం?"

ఆవిడ తల వంచుకుని నిలబడింది. పెద్దసారు స్వీట్ల పెట్టె చంకన పెట్టుకుని విసవిసా వెళ్ళిపోయాడు. ఆ చోటు ఇంకెవరికో పోయింది. నేను అడ్డుకి ఇవతల పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆయనకి నాలుగు మాటలు చెప్పాలని నాలుక దురద పెట్టింది. కానీ నేను విన్నది నాది కాదు, చెప్పడానికి.

ఆ కబురు పిల్లలకు పాకింది. మధ్యాహ్నం అందరూ ఆటకి పోయాక పిట్ట ఒక్కతే గదిలో మిగిలింది. టీచర్ బల్ల దగ్గర ఉంది. నేను ఇటు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

"టీచర్, నేను సరిగ్గా చదవలేదా?" అని అడిగింది పిట్ట. "అందుకేనా వెళ్ళనన్నారు? అమ్మ ఆ రోజు ఏమీ చెప్పలేకపోయింది, అందుకా? అమ్మని ఈసారి తీసుకురానులెండి."

"కాదమ్మా!" అంది టీచర్ గాభరాగా. "అమ్మని ఏమీ అనకు. ఆ గదిలో సరైన మాట చెప్పింది మీ అమ్మ ఒక్కతే. నువ్వూ బాగానే చదివావు. నేనే సరిగ్గా చదవలేదు."

"మీకు మొత్తం నోటికొచ్చు కదా!"

"వచ్చు."

పిట్టకి ఇది తలకెక్కలేదు. ఎవరికైనా ఎలా ఎక్కుతుంది? ముక్కు ఎగబీల్చింది. బల్లమీది కవరు తీసి కాగితం చూస్తున్నట్టుంది, కవరు చప్పుడైంది. చేతిరాత పట్టేస్తుందేమోనని కలం పక్కన పెట్టి చెవి అడ్డుకి ఆనించాను. కానీ పిట్ట చూస్తున్నది చేతిరాత కాదు.

"టీచర్, అంత ఏడ్చింది కదా. మరి కిటికీ ఖాళీగా ఉన్నా ఎందుకు కూర్చోలేదు ఈ అమ్మాయి?"

ఏటా ఆవిడ ఆ ప్రశ్న వేసేది, నవ్వించడానికి. జవాబు కావాలని వేసినవాళ్ళు ఇన్నేళ్ళలో ఆ గదిలో లేరు. జవాబు ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. చెప్పే వీల్లేదు.

"తెలీదమ్మా" అంది టీచర్.

"మీరు అడగలేదా?"

"లేదు."

"మీ ముందే కూర్చుని ఉంటుంది కదా టీచర్, అడగాల్సింది" అంది పిట్ట. తర్వాత గంట మోగింది. పిల్లలు బిలబిలమంటూ లోపలికి వచ్చారు. ఆ పీరియడ్ నాది. నేను వెళ్ళేసరికి ఆవిడ నల్లబల్ల వైపు తిరిగి నిలబడి ఉంది, పిల్లలకు ముఖం కనబడకుండా. నేను గుమ్మంలోనే ఆగాను. దగ్గలేదు.